నడి సేద్యంలో అమ్మిన ఎద్దు
(ఫుట్‌బాల్ జట్టు సీజను మధ్యలో తన బ్యాక్‌ను ఎందుకు వదులుకుంటుంది? అభిమానికి అంత కోపం ఎందుకు వస్తుంది?)

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి, జగ్గయ్యపేట

మెట్ట ప్రాంతపు పిల్లవాడు ఫుట్‌బాల్ మీద వ్యాసం రాస్తానంటే మన సంచిక సంపాదకులే ముందు నవ్వారు. వారి నవ్వులో తప్పు లేదు. జగ్గయ్యపేట, నందిగామ వైపు సంక్రాంతి వస్తే కబడ్డీ కోర్టులు గీస్తారు, వాలీబాల్ నెట్లు కడతారు. మిగతా ఏడాదంతా క్రికెట్టు ఉండనే ఉంది. గోలుపోస్టులు పాతిన ఊరు మా చుట్టుపక్కల నేను చూడలేదు. అయినా 2024 జనవరిలో ఒక ఫుట్‌బాల్ వార్త మీద మా హాస్టల్లో రెండు రోజులు మాటల యుద్ధం నడిచింది. అందులో నేనూ ఒక పక్షాన చేరి నోరు పారేసుకున్నాను. ఆనాడు నేనన్న మాటలు తప్పని తరవాత తెలిసింది. ఎట్లా తెలిసిందో చెప్పటానికే ఈ వ్యాసం.

వార్త ఇదీ. ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టుకు చింగ్లెన్‌సనా సింగ్ అనే మణిపురి ఆటగాడు స్టాపర్ బ్యాక్‌గా ఉండేవాడు. గోలు ముందు నడిమధ్యన నిలబడి ఎదుటివాళ్ళను ఆపేవాణ్ణి మన పాత ఆటగాళ్ళు స్టాపర్ అనేవారు, ఇప్పుడు అందరూ డిఫెండర్ అంటున్నారు. 2020 నుంచీ ఆ జట్టులోనే ఉన్న ఈ మనిషి సీజను సగంలో ఉండగా బెంగుళూరు ఎఫ్.సి.కి వెళ్ళిపోయాడు. అదే నెలలో నిఖిల్ పూజారి కూడా బెంగుళూరుకే వెళ్ళాడు. మహమ్మద్ యాసిర్ గోవాకు వెళ్ళాడు.

"అమ్ముకున్నారు" అన్నాడు నందిగామ మిత్రుడు. "వాడే పారిపోయాడు" అన్నాను నేను. మా ఇద్దరికీ సగం సగమే తెలుసు.

కల్లంలో చూసిన కప్పు

ఇంతకూ నాకీ జట్టు పిచ్చి ఎట్లా అంటుకుందో చెప్పాలి. మా చిన్న మామయ్యకు హైదరాబాదులో ఉద్యోగం. జగ్గయ్యపేట దాటి, గరికపాడు దాటితే తెలంగాణే. మాకు విజయవాడ ఎంత సొంతమో హైదరాబాదూ అంతే. సెలవులకు వచ్చినప్పుడల్లా మామయ్య ఆ జట్టు కబుర్లు మోసుకొచ్చేవాడు.

2022 మార్చి 20, ఆదివారం. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. రాత్రి కాపలాకు బాబాయి, నేను వెళ్ళాం. పట్టా మీద కూర్చుని నా ఫోన్లో ఫైనలు చూశాం. గోవాలోని ఫటోర్డా మైదానంలో హైదరాబాదుకూ కేరళ బ్లాస్టర్స్‌కూ ఆట. 68వ నిమిషంలో రాహుల్ గోలు కొట్టి కేరళను ముందుకు తీసుకుపోయాడు. ఇంక పోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. ఆఖరికి పెనాల్టీలు వచ్చాయి. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది. బాబాయి ఫుట్‌బాల్ చూడటం అదే మొదలు. "ఒరేయ్, ఆ చేతులకు తొడుగులేసుకున్నాయన మనూరొస్తే కోడిని కోసి పెడతాను" అన్నాడు.

ఆ కప్పు గెలిచిన జట్టు వెనక వరసలో ఆశిష్ రాయ్, చింగ్లెన్‌సనా, ఆకాశ్ మిశ్రా ఉన్నారు. ఈ మూడు పేర్లు గుర్తుంచుకోండి. 2022 వేసవిలో ఆశిష్ రాయ్ కలకత్తా మోహన్ బగాన్‌కు వెళ్ళాడు. 2023 వేసవిలో ఆకాశ్ మిశ్రా ముంబాయికి వెళ్ళాడు. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా. అంటే ఆ జనవరి వార్త ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. గోడ ఏడాదికో ఇటుక చొప్పున రాలుతూనే ఉంది. చివరి ఇటుక రాలినప్పుడే మాకు చప్పుడు వినపడింది.

బ్యాక్ చేసే పని ఏమిటి?

గోలు కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది. ఆపినవాడి పేరు పడదు. కబడ్డీ ఎరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. కూతకు వెళ్ళి ముగ్గుర్ని తాకి వచ్చినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. మూలన నిలబడి కాలు పట్టేవాణ్ణి, "పట్టు బాగుందిరా" అని ఒక మాట అని ఊరుకుంటారు. కాని ఊరి జట్టు పెద్దలు ముందుగా వెతికేది మూల పట్టేవాడి కోసమే.

ఫుట్‌బాల్‌లో బ్యాక్ పని అంతకన్నా చిక్కైనది. ఆఫ్‌సైడ్ అనే నియమం ఒకటుంది. బంతి తన్నే క్షణంలో, ఎదుటి సగంలో ఉన్న దాడి ఆటగాడు బంతికన్నా, చివరి నుంచి రెండో ప్రత్యర్థికన్నా గోలుకు దగ్గరగా ఉండి ఆటలో కలగజేసుకుంటే తప్పు. ఆ చివరి ఇద్దరిలో ఒకరు సాధారణంగా గోల్‌కీపరే. కనుక నలుగురు బ్యాకులు ఒకే వరసలో కలిసి ముందుకు జరిగితే దాడి చేసేవాడు వాళ్ళ వెనక చిక్కి ఆఫ్‌సైడ్ అవుతాడు. ఆ నలుగురిలో ఒక్కడు ఒక్క అడుగు వెనకబడ్డాడా, వరస తెగింది. దాడికి దారి దొరికింది. నలుగురి అడుగూ ఒకటి కావటానికి నెలలు పడుతుంది. కొత్త ఫార్వర్డు వచ్చిన రోజే గోలు కొట్టవచ్చు. కొత్త బ్యాక్ వచ్చిన రోజే పక్కవాడి మనసు తెలుసుకోలేడు.

ఈ సంగతి నాకు ఫోన్లో చూసినంత కాలం తెలియలేదు. కెమెరా బంతి వెంట పోతుంది. బంతి లేనిచోట బ్యాకులు ఏం చేస్తున్నారో చూపించదు. 2022-23 సీజనులో మామయ్య నన్ను గచ్చిబౌలి స్టేడియానికి తీసుకుపోయాడు. పసుపు చొక్కాలు, డప్పులు, డెక్కన్ లీజియన్ అనే అభిమాన సంఘం వారి కేకలు. అంత గోలలో నేను చూసిందల్లా ఒకటే. బంతి ఎక్కడో అవతలి గోలు దగ్గరుంటే, ఇవతల చింగ్లెన్‌సనా చెయ్యి చాచి పక్కవాణ్ణి రెండడుగులు జరగమంటున్నాడు. ఆట ముగిసేదాకా ఆ చెయ్యి ఆడుతూనే ఉంది. ఆ రోజు నుంచీ నేను ఆయన మనిషినే. అందుకే ఆయన వెళ్ళాడన్నప్పుడు అంత కోపం వచ్చింది.

అమ్మకమా, మార్పిడా, బదిలీయా?

మా హాస్టలు గొడవలో సగం ఈ మాటలు తెలియకపోవటం వల్ల వచ్చిందే. కనుక కాస్త విడమరచి చెబుతాను.

మొదటిది మార్పిడి. ఇది అమెరికా పద్ధతి. అక్కడ ఫుట్‌బాల్ అనే ఆట మనది కాదు, చేతులతో పట్టుకు పరుగెత్తేది. ఆ లీగులో జట్టు తన ఆటగాణ్ణి ఎదుటి జట్టుకిచ్చి, బదులు ఇంకో ఆటగాణ్ణో, కాలేజీ ఆటగాళ్ళను ఏటా ఎంచుకునే వరసలో తమ వంతునో తీసుకుంటుంది. ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప ఆటగాణ్ణి అడగవలసిన పని లేదు. 2025 నవంబరు 4న న్యూయార్క్ జెట్స్ జట్టు తన పేరుమోసిన డిఫెండర్ సాస్ గార్డ్‌నర్‌ను సీజను నడుమ ఇండియానాపోలిస్ కోల్ట్స్‌కు ఇచ్చేసింది. బదులు వచ్చింది ఒక ఆటగాడు, రాబోయే రెండేళ్ళ మొదటి విడత ఎంపిక హక్కులు. ఆ డిఫెండర్‌తో కొత్త ఒప్పందం రాసుకుని అప్పటికి నాలుగు నెలలే. అభిమానులు నివ్వెరపోయారంటే పోరా మరి! మన భాషలో చెప్పాలంటే, చేతిలో ఉన్న పాడిగేదెను ఇచ్చి, ఇంకా పుట్టని రెండు దూడల మీద హక్కు రాయించుకోవటం. దూడలు ఎట్లాంటివి పుడతాయో ఎవరికెరుక?

రెండవది బదిలీ. మన దేశంలోనూ, ఐరోపాలోనూ ఉన్నది ఇదే. ఆటగాడు క్లబ్బుతో కొన్నేళ్ళకు ఒప్పందం రాసుకుంటాడు. ఒప్పందం నడుస్తుండగా వేరే క్లబ్బు కావాలంటే పాత క్లబ్బుకు సొమ్ము ఇవ్వాలి, ఆటగాడూ ఒప్పుకోవాలి. అతను వద్దంటే ఎవరూ పంపలేరు. 2002 నుంచి ఫిఫా ఈ బదిలీలకు ఏడాదికి రెండే గడువులు పెట్టింది. ఒకటి సీజనుకు ముందు, ఒకటి మధ్యలో. మనకు ఆ మధ్య గడువు జనవరిలో వస్తుంది.

మూడవది విడుదల. ఒప్పందం ముగిస్తే ఆటగాడు స్వేచ్ఛాజీవి, పాత క్లబ్బుకు పైసా రాదు. బెల్జియం ఆటగాడు బోస్మన్ వేసిన దావాలో ఐరోపా న్యాయస్థానం 1995 డిసెంబరులో ఇచ్చిన తీర్పుతో ఇది అక్కడ స్థిరపడింది. ఒప్పందంలో చివరి ఆరు నెలలు మిగిలినప్పటి నుంచే ఆటగాడు ఇంకో క్లబ్బుతో మాట ఖాయం చేసుకోవచ్చు. కనుక వేసవికి ఒప్పందం ముగిసే ఆటగాణ్ణి జనవరిలో పంపితే నాలుగు రూకలు వస్తాయి, ఉంచుకుంటే ఆర్నెల్ల ఆట దక్కుతుంది. ఈ రెంటి మధ్య ఊగిసలాటే సీజను మధ్య అమ్మకాలకు ఒక పెద్ద కారణం. పైగా ఆ రోజుల్లో కొనేవాడికి గత్తర ఎక్కువ, ధర బాగా పలుకుతుంది.

నాలుగవ దారి ఒకటుంది, అది ఎవరూ కోరుకోనిది. క్లబ్బు కనీసం రెండు నెలల జీతం న్యాయం లేకుండా బాకీ పెడితే, ఆటగాడు పదిహేను రోజులకు తక్కువ కాకుండా గడువిచ్చి రాతపూర్వకంగా అడగవచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం తెంచుకోవచ్చు. ఇది ఫిఫా నిబంధనే.

ఇది చదివినప్పుడు మా తాతయ్య కాలపు పాలేర్ల సంగతి జ్ఞాపకం వచ్చింది. ఉగాదికి పాలేరును కుదుర్చుకుంటే మళ్ళీ ఉగాది దాకా ఉండాలి. నడుమ మానేస్తే ఊరంతా తప్పు పట్టేవారు. కాని ఆసామి గింజలు కొలవకపోతే? "కొలవని ఇంట ఎవడుంటాడు?" అని అదే ఊరు పాలేరు పక్షాన మాట్లాడేదట. అంతదూరంలో ఎక్కడో కూర్చుని ఫిఫా వాళ్ళు రాసింది, మా ఊరి రచ్చబండ ఎప్పుడో తీర్పు చెప్పిందీ ఒకటే.

ఆ సీజనులో జరిగింది

2022-23లో హైదరాబాదు జట్టు 20 ఆటల్లో 13 గెలిచి, 42 పాయింట్లతో లీగులో రెండవ స్థానంలో నిలిచింది. 2023-24లో 22 ఆటల్లో గెలిచింది ఒక్కటే. పాయింట్లు 8, స్థానం అట్టడుగు. ఒక్క ఏడాదిలో ఇంత పతనం ఎట్లా వచ్చింది?

డబ్బు లేక. జీతాల బకాయిల మాట బయటికి పొక్కింది. బకాయిల తగాదాల మూలాన కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోరాదని ఫిఫా నిషేధం విధించింది. కప్పు తెచ్చిపెట్టిన స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ అంతకుముందు వేసవిలోనే గోవాకు మారాడు. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే విమానం ఎక్కారు. చివరకు తంగ్బోయ్ సింగ్టో అనే కోచ్ చాలా వరకు కుర్రవాళ్ళతో సీజను ఈడ్చుకొచ్చాడు. ఆ కుర్రవాళ్ళు ఓడిపోతూ కూడా ఆట మానలేదు. వాళ్ళను తలుచుకుంటే నాకిప్పటికీ గౌరవమే.

ఇట్లాంటి ఇంట్లోంచి ఒక డిఫెండర్ బయటికి అడుగు వేస్తే హాస్టల్లో నా నోటి నుంచి వచ్చిన మాట "ద్రోహి". ఆయన ఎవరో కూడా ఆలోచించలేదు. చింగ్లెన్‌సనాది మణిపురులోని చురాచాంద్‌పూర్. 2023 మే 3న అక్కడ అల్లర్లు చెలరేగిన రోజున ఆయన కోజికోడ్‌లో హైదరాబాదు తరఫున ఆడుతున్నాడు. ఆ అల్లర్లలో ఆయన ఇల్లు కాలిపోయింది. ఊరి పిల్లల కోసం తయారుచేసిన ఆటస్థలమూ బూడిదైంది. ఆ మనిషి మళ్ళీ బూట్లు కట్టుకుని మైదానంలోకి వచ్చాడు. ఆయనను "పారిపోయాడు" అన్నది ఎవరు? అమ్మ పంపిన డబ్బుతో మెస్ బిల్లు కట్టి, మంచం మీద పడుకుని ఫోను చూసే నేను.

మా ఇంటి అమ్మకం

ఆ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ గొడవంతా నాన్నకు చెప్పాను. ఆయన అంతా విని, "మన దాపటెద్దును అమ్మినప్పుడు మీ తాత నన్నూ అట్లాగే అన్నాడు" అన్నాడు.

అప్పుడు నేను మూడో తరగతి. ఆరెకరాల పత్తి, అందులో మూడు కౌలు. వానలు పడి కలుపు ముసురుకుంది. సాళ్ళ మధ్య గుంటక తోలే రోజులు. మా ఎద్దుల జత అయిదేళ్ళుగా కలిసి నడిచిన జత. ఎలపటిది కాస్త దుడుకు, దాపటిది నిదానం. నిదానమైనది ఉండబట్టే దుడుకుది సాలు తప్పేది కాదు. ఒకనాడు తెల్లవారి లేచేసరికి కొట్టంలో ఒకటే ఎద్దు ఉంది. రెండోదాన్ని నాన్న చీకటితోనే తోలుకుపోయి అమ్మి వచ్చాడు.

తాతయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. "నడి సేద్యంలో ఎద్దునమ్మినవాడు రైతేనా?" అన్నాడు. నాయనమ్మ ఏడ్చింది. ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. మిగిలిన ఎద్దుకు జతగా బాడుగ ఎద్దును కడితే అది కాడి కింద నిలవలేదు. కలుపు సగం చేనులో అట్లాగే మిగిలింది. ఆ ఏడు పత్తి సరిగా రాలేదు. సంక్రాంతి వెళ్ళాక రెండో ఎద్దునూ అమ్మేశారు. ఇప్పుడు మా కొట్టంలో బండి చక్రాలున్నాయి, ఎద్దుల్లేవు. సేద్యం అంతా బాడుగ ట్రాక్టరు మీదే.

నాన్న ఇప్పుడు బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీశాడు. ఆనాటి లెక్కలు. పురుగుమందుల కొట్టు బాకీ, కౌలు, వడ్డీ. ఆ వారంలో బాకీ కట్టకపోతే మందు ఇచ్చేవాడు లేడు, మందు లేకపోతే మిగతా చేనూ దక్కదు. సంక్రాంతి తరవాత అమ్మితే ఎద్దుకు సగం ధరే వచ్చేది. అందరికీ పని ఉన్న రోజులు కనుక అప్పుడే మంచి ధర. "తప్పో ఒప్పో, ఆ పూట నాకు వేరే దారి లేదురా" అన్నాడు.

"మరి తాతకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "చెప్పవలసింది" అన్నాడు చివరకు. "చెబితే ఒప్పుకోడని భయపడ్డాను. ఆయన బాధ ఎద్దు పోయిందని కాదు. కొట్టంలోకి వెళ్ళి చూసుకుంటేగాని తెలియలేదని."

నాకు అక్కడ దొరికింది సమాధానం. ఇంకొకటి కూడా గమనించాను. మా ఇంట్లో ఆ రోజు అందరూ అందరినీ తిట్టుకున్నారు గాని, వెళ్ళిన ఎద్దును తిట్టినవాళ్ళు లేరు.

పాత వలసలు, కొత్త వలసలు

ఆటగాళ్ళు వెళ్ళటం హైదరాబాదుకు కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మాస్టారు వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన చేతిలోనే భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది.

ఆ రోజుల్లో మంచి ఆటగాడంటే కలకత్తా నుంచి పిలుపు రావలసిందే. అంతకుముందే ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో "పంచపాండవులు" అనే పేరు మోసిన అయిదుగురు ఫార్వర్డుల్లో మన అప్పారావు ఉన్నాడు. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. డిఫెండర్ల మాటకొస్తే, హైదరాబాదులో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ 1960ల నడుమ కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన భారత జట్టుకు ఆయనే నాయకుడు. అదే ఏడు అర్జున అవార్డు, 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నాడు. ఆయన కలకత్తా వెళ్ళకుండా ఉంటే ఇంత పేరు వచ్చేదా?

అయితే ఆనాటి వలసకూ ఈనాటి వలసకూ ఒక తేడా ఉంది. కలకత్తాలో బదిలీలకు సీజను ముందు కొన్ని రోజులు ఉండేవి. ఫలానా వాణ్ణి ఎదుటి క్లబ్బు తన్నుకుపోతుందని దాచిపెట్టిన కథలు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. కాని ఒకసారి సీజను మొదలైతే ఎవరి జట్టు ఏదో ప్రేక్షకుడికి తెలిసేది. ఇప్పుడు నాట్లు వేసింది ఒక మనిషి, కోతకు వచ్చేది ఇంకో మనిషి. నడుమ ఏం జరిగిందో టికెట్టు కొన్నవాడికి ఎవరూ చెప్పరు.

అభిమాని ఎవరు?

క్లబ్బు చట్టరీత్యా ఒక కంపెనీ. అభిమాని అందులో వాటాదారు కాడు. టికెట్టు కొన్నాడు, ఆట చూశాడు, అంతటితో లెక్క సరి. ఇది కాగితం మీద మాట. అసలు సంగతి ఏమిటంటే, ఆ కంపెనీ అమ్ముకునే సరుకే అభిమానం. ఖాళీ స్టేడియంలో ఆడే ఆటకు ప్రకటనలు ఎవరిస్తారు? తాతయ్య పేర పట్టా లేకపోయినా ఆ ఎద్దు మీద ఆయనకు హక్కు ఎట్లా ఉందో, అభిమానికీ అట్లాంటి హక్కే ఒకటి ఉంది. అది అమ్మకాన్ని ఆపే హక్కు కాదు. ముందుగా ఒక మాట వినే హక్కు.

కొన్ని దేశాల్లో దీన్ని కాగితం మీదికి కూడా తెచ్చారు. జర్మనీలో 1998 నుంచి ఒక నియమం ఉంది. కొన్ని మినహాయింపులు పోను, క్లబ్బులో సగానికి మించిన ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలి. ఆ సభ్యులు చందా కట్టే మామూలు అభిమానులు. అక్కడ కూడా ఆటగాళ్ళను అమ్ముతారు, అక్కడ కూడా జనం కోప్పడతారు. కాని ఏడాదికోసారి యాజమాన్యాన్ని నిలబెట్టి లెక్క అడుగుతారు. మన పాల కేంద్రంలో సభ్యుడు సర్వసభ్య సమావేశంలో లేచి అడిగినట్టు.

మనకు అట్లాంటిది లేదు. లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. ఈ హైదరాబాదు క్లబ్బు 2019లో పుట్టింది పూణే సిటీ అనే క్లబ్బు మూతపడగా, దాని స్థానంలో. ఆనాడు పూణే అభిమానుల దుఃఖం మాకు పట్టలేదు, మాకు జట్టు వచ్చిందని సంబరపడ్డాం. 2025లో క్లబ్బే మూట కట్టుకుని ఢిల్లీకి తరలిపోయింది. అక్కడ దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. 2022 ఏప్రిల్లో మా జగ్గయ్యపేట, నందిగామలు కృష్ణా జిల్లా నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి మారాయి. మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది. అయితే పేరు మారినా మా ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. మా జట్టుకు ఊరే మారిపోయింది. ముందు ఒక బ్యాక్ వెళ్ళాడు, తరవాత ఇల్లే వెళ్ళింది.

మిత్రులకు ఒక మనవి

కనుక, ఏ ఆటలోనైనా సరే, సీజను నడుమ మీకిష్టమైన మనిషి వెళ్ళాడని వార్త వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. అతని ఒప్పందం ఇంకా ఎన్నాళ్ళుంది? అతనికి జీతం అందుతున్నదా? అతని బదులు జట్టుకు ఏం వచ్చింది? ఈ మూడింటికీ జవాబు తెలిశాక కోపం మిగిలితే, దాన్ని లెక్క చెప్పవలసిన వారి మీద చూపండి. కోపం తప్పు కాదు. కోపం లేనివాడు అభిమానే కాడు. కాని అది కొట్టంలో ఖాళీ గుంజ చూసి ఎద్దును తిట్టే కోపం కారాదు.

జట్టు నడిపేవారికీ ఒక మాట. వారు మన సంచిక చదవకపోవచ్చు, అయినా చెబుతాను. అమ్మక తప్పకపోతే అమ్మండి. చీకటితో తోలుకుపోకండి. తెల్లవారి జనం చూస్తుండగా చెప్పి తోలుకుపొండి. తిడతారు, ఏడుస్తారు, కాని కొట్టం విడిచి పోరు.

నందిగామ మిత్రుడూ నేనూ ఇప్పటికీ ఒకే గదిలో ఉంటున్నాం. బెంగుళూరు ఆట చూసినప్పుడల్లా అతను ఫోను నా వైపు తిప్పి, "అదిగో మీవాడు" అంటాడు. కెమెరా బంతి వెంట పోతూ ఉంటుంది. నేను మాత్రం తెర అంచున, చాచిన ఆ చెయ్యి కనిపిస్తుందేమోనని చూస్తాను.